స్టాండప్ నుంచి రెట్రో దాకా: ఎజైల్ టీమ్ మీటింగ్‌లు పనికొచ్చేలా నడుపుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో గానీ, వైజాగ్‌లో గానీ ఎజైల్ పద్ధతిలో, అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకుంటూ పోయే ఏ సాఫ్ట్‌వేర్ టీమ్‌ని అడిగినా స్టాండప్ (అందరూ కలిసే రోజువారీ చిన్న మీటింగ్) రోజూ జరుగుతోందనే చెబుతారు. క్యాలెండర్‌లో ప్లానింగ్ ఉంటుంది, డెమో ఉంటుంది, రెట్రో (పనితీరును వెనక్కి తిరిగి చూసుకునే మీటింగ్) కూడా ఉంటుంది. అయినా స్ప్రింట్ (ఒక విడత పని) చివరి రోజు సాయంత్రం టెస్టర్ల నెత్తిన ఆరు స్టోరీలు (విడివిడిగా రాసుకున్న చిన్న పనులు) ఒక్కసారిగా పడతాయి. "ఆ యాక్సెస్ కోసం మూడు రోజుల నుంచి ఎదురుచూస్తున్నా" అనే మాట అప్పుడు బయటికొస్తుంది. ఆ మూడు రోజులూ స్టాండప్ జరిగింది. చెప్పాల్సిన మాట మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు.

క్రమం తప్పకుండా కలుసుకోవడం వల్ల ఏం లాభమని అడిగితే నేను మొట్టమొదట చెప్పేది ఇదే: పనికి అడ్డం పడినప్పటి నుంచి, ఆ సంగతి దాన్ని తీర్చగలిగే మనిషి చెవిన పడేదాకా పట్టే సమయం తగ్గాలి. రోజూ కలిసే టీమ్‌లో అది ఒక రోజు దాటకూడదు. దాటుతోందంటే మీటింగ్ జరుగుతోంది గానీ పని చేయడం లేదని అర్థం. కింద చెప్పేదంతా ఈ ఒక్క కొలతను పట్టుకునే ఉంటుంది. రెండు వారాల స్ప్రింట్‌తో, ఆరు నుంచి తొమ్మిది మంది ఉన్న టీమ్‌ని నడిపే లీడ్‌లనీ, స్క్రమ్ మాస్టర్లనీ (ఎజైల్‌లో ఒక పద్ధతైన స్క్రమ్‌ని టీమ్‌లో నడిపించేవాళ్లు) దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

రోజూ కలవడమనే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం తెలిస్తే దాని ఉద్దేశం మర్చిపోం. 1990ల మొదట్లో బోర్లాండ్ సంస్థలో క్వాట్రో ప్రో ఫర్ విండోస్ అనే స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన టీమ్‌ని జిమ్ కోప్లియన్ అధ్యయనం చేశారు. ఆ టీమ్ వాళ్లు దాదాపు రోజూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఆ పరిశీలన చదివిన జెఫ్ సదర్లాండ్ ఈజెల్ సంస్థలోని తన టీమ్‌లో రోజువారీ సమావేశం మొదలుపెట్టారు. 1995లో ఆయనా, కెన్ ష్వాబర్ కలిసి స్క్రమ్ పద్ధతిని ఊప్స్‌లా అనే సాఫ్ట్‌వేర్ సదస్సులో అందరి ముందు పెట్టారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది కలిసి ఎజైల్ మ్యానిఫెస్టో రాశారు. దాని వెనక ఉన్న 12 సూత్రాల్లో చివరిది టీమ్ ఎప్పటికప్పుడు తన పనితీరును తానే చూసుకుని సరిదిద్దుకోవాలని చెబుతుంది. మేనేజర్‌కి రిపోర్ట్ ఇవ్వాలనే మాట ఆ సూత్రాల్లో ఎక్కడా లేదు.

మొదటి మెట్టు: ఇప్పుడున్న మీటింగ్‌లన్నీ రాసి గంటలు లెక్కపెట్టండి

కొత్త మీటింగ్ పెట్టే ముందు పాతవాటి లెక్క తీయండి. స్క్రమ్ నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ 2020 నవంబరులో వచ్చింది, దాని ప్రకారం నెల రోజుల స్ప్రింట్‌కి ప్లానింగ్ 8 గంటలు, రివ్యూ (పైన చెప్పిన డెమో) 4 గంటలు, రెట్రో 3 గంటలు మించకూడదు. రోజువారీ స్క్రమ్‌కి, అంటే స్టాండప్‌కి, 15 నిమిషాలు. రెండు వారాల స్ప్రింట్ అయితే మొదటి మూడింటినీ సగం చేసుకోండి: 4, 2, ఒకటిన్నర. పది రోజుల స్టాండప్‌లు కలిపితే రెండున్నర గంటలు. ఇంతవరకు 10 గంటలు. గ్రూమింగ్‌కి (రాబోయే స్టోరీలను ముందే చూసుకోవడానికి) ఇంకో రెండు గంటలు వేసుకుంటే మొత్తం 12.

రోజుకి 8 గంటల చొప్పున స్ప్రింట్‌కి 80 గంటల్లో 12 అంటే 15 శాతం. ఇది పైహద్దు, కుదురుకున్న టీమ్‌కి ఇంతకంటే తక్కువే చాలు. మీ లెక్క 20 గంటలు దాటిందంటే వాటి మధ్య ఎక్కడో "సింక్ అప్", "స్టేటస్ కాల్", "క్విక్ కనెక్ట్" లాంటివి దూరి ఉంటాయి. ఒక్కోదాని పక్కన ఒకే ప్రశ్న రాయండి: ఇందులో ఏ నిర్ణయం తీసుకుంటున్నాం? జవాబు దొరకనిదాన్ని రెండు వారాలు ఆపి చూడండి. ఎవరూ అడగకపోతే తీసేయండి.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. అయిదుగురున్న టీమ్‌లో ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవాల్సిన జతలు 10. తొమ్మిది మంది ఉంటే 36. అన్ని జతలూ విడివిడిగా చాట్‌లో సంగతులు పంచుకోవడం ఎవరివల్లా కాదు. అందరూ ఒకచోట చేరే 15 నిమిషాలు ఆదా చేసేది ఆ చాట్లనే.

రెండో మెట్టు: వేళ ఖాయం చేయండి, నవంబరుని మర్చిపోకండి

ఒకే వేళ, ఒకే లింక్, ప్రతిరోజూ. ఎవరు వచ్చినా రాకపోయినా సమయానికి మొదలుపెట్టాలి. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. మన టీమ్‌లని నిజంగా ఇబ్బంది పెట్టేది అమెరికా వేళ.

న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, దాంతో అదే మీటింగ్ మనకి ఏడున్నరకి జరుగుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా ఇదే తంతు. కాలిఫోర్నియా క్లయింట్ అయితే అక్కడి ఉదయం 8 మనకి వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లకీ, క్యాబ్‌లో దూరం వెళ్లాల్సిన వాళ్లకీ ఆ ఒక్క గంట ఎంత బరువో లీడ్‌లు పట్టించుకోవాలి. అక్టోబరులోనే క్లయింట్‌తో మాట్లాడి, చలికాలం నాలుగు నెలలూ వాళ్ల వైపు ఒక గంట ముందుకి జరుపుతారా అని అడగండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

అంతకంటే మంచి ఏర్పాటు ఇంకొకటుంది. ఇక్కడి టీమ్ స్టాండప్ ఉదయమే పెట్టుకోండి, పదింటికో పదిన్నరకో. ఆన్‌సైట్ వాళ్లతో కాల్ వారానికి రెండు మూడు సాయంత్రాలు మాత్రమే ఉంచండి, అదీ వాళ్లతో తేల్చాల్సిన ప్రశ్నలున్నవాళ్లకే. మిగిలిన రోజుల్లో మనవాళ్లు ఇంటికెళ్లే ముందు నాలుగు లైన్లు రాసిపెట్టాలి: ఏది పూర్తయింది, ఏది ఆగింది, ఎవరి నుంచి ఏం కావాలి. సాయంత్రం స్టాండప్‌లో తేలిన అడ్డంకిని తీర్చడానికి ఆ రోజు ఇక మిగలదు. ఉదయం తేలితే రోజంతా చేతిలో ఉంటుంది.

మూడో మెట్టు: గ్రూమింగ్‌లో ప్రశ్నలు ముందే రాబట్టండి

ప్లానింగ్ సాగదీతకి చాలావరకు కారణం గ్రూమింగ్ సరిగ్గా చేయకపోవడమే. వారానికో గంట కేటాయించి, వచ్చే స్ప్రింట్‌లో రాబోయే స్టోరీలను ముందే తిరగేయండి.

ఒక బస్సు టికెట్ల యాప్ అనుకుందాం. స్టోరీ ఇలా ఉంది: "టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రావాలి." చదవగానే మూడు రోజుల పనిలా కనిపిస్తుంది. టెస్టర్ అడుగుతుంది: "నలుగురికి కలిపి బుక్ చేశారు, అందులో ఒక్కరే మానుకుంటే?" డెవలపర్ అడుగుతాడు: "యూపీఐతో కట్టినవాళ్లకి అదే ఖాతాలో వేయాలా, మన వాలెట్‌లో వేసినా ఫర్వాలేదా?" ఇంకొకరికి తోస్తుంది: "బస్సే రద్దయితే క్యాన్సిలేషన్ చార్జీ ఎవరు భరిస్తారు?" ఈ మూడు ప్రశ్నలతో ఒక స్టోరీ మూడు స్టోరీలైంది. ఇవే ప్రశ్నలు స్ప్రింట్ ఎనిమిదో రోజున వస్తే ప్రొడక్ట్ ఓనర్ (ఏం తయారుచేయాలో నిర్ణయించే మనిషి) జవాబు కోసం ఆగాలి, రాసిన కోడ్ మార్చాలి, టెస్టింగ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి.

స్టోరీ ఎంత పెద్దదో అంచనా వేసేటప్పుడు అందరూ తమ అంకె ఉన్న కార్డుని ఒకేసారి చూపించాలి. ప్లానింగ్ పోకర్ అనే ఈ పద్ధతిని 2002లో జేమ్స్ గ్రెనింగ్ వివరించారు. ఒకేసారి అని గట్టిగా చెప్పడానికి కారణముంది. సీనియర్ ముందుగా "మూడు" అంటే ఫ్రెషర్ కూడా మూడే అంటాడు. అందరూ ఒక్కసారి చూపిస్తే ఒకరి చేతిలో 2, ఇంకొకరి చేతిలో 8 కనిపిస్తుంది. అప్పుడు ఆ ఇద్దరినీ మాట్లాడనివ్వండి. ఎనిమిది చూపించిన మనిషికి తెలిసిన ప్రమాదం మిగతావాళ్లకి తెలియకపోవచ్చు. సగటు తీసి ముందుకు పోయారంటే ఆ సంగతి అక్కడే పూడిపోతుంది.

నాలుగో మెట్టు: ప్లానింగ్‌లో ముందు లక్ష్యం, తర్వాత స్టోరీలు

ఈ స్ప్రింట్ ఎందుకు, ఇందులో ఏం చేస్తాం, ఎలా చేస్తాం: ఈ మూడింటికీ జవాబు దొరికితే ప్లానింగ్ అయిపోయినట్టే. లక్ష్యం ఒక్క వాక్యంలో ఇమడాలి. "ప్రయాణికుడు మొత్తం టికెట్‌ని యాప్‌లోనే రద్దు చేసుకుని డబ్బు వెనక్కి పొందగలగాలి" అని బోర్డు మీద రాసిపెట్టండి. స్ప్రింట్ మధ్యలో ఏదైనా వదులుకోవాల్సి వస్తే ఏది వదలాలో ఈ వాక్యమే చెబుతుంది.

మనుషుల రోజులు నిజాయితీగా లెక్కేయండి. ఏడుగురికి పది రోజులంటే 70 రోజులు. సంక్రాంతి స్ప్రింట్‌లో అయిదుగురు మూడేసి రోజులు ఊరెళ్తే 15 పోయాయి. ప్రొడక్షన్ సపోర్ట్ చూసే మనిషి సగం సమయం అటే పోతుంది, ఇంకో అయిదు తీసేయండి. మిగిలింది 50. గత స్ప్రింట్‌లో 70 రోజులకి చేసినంత పని ఇప్పుడూ చేస్తామని ఒప్పుకుంటే ఆ ఒప్పందం మొదటి రోజే తప్పినట్టు. అటువైపు నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. ఆ వారం అమెరికాలోని ప్రొడక్ట్ ఓనర్ దొరకడం కష్టం కాబట్టి ప్రశ్నలన్నీ ముందు వారమే అడిగి పెట్టుకోండి.

అయిదో మెట్టు: స్టాండప్

ఎక్కువ టీమ్‌లు తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, అడ్డం ఏముంది అనే మూడు ప్రశ్నలు అందరికీ కంఠతా వచ్చు. 2020 స్క్రమ్ గైడ్ వాటిని తీసేసింది. లక్ష్యం వైపు పని ఎంత సాగిందో చూసుకుని, రాబోయే రోజుకి ప్లాన్ వేసుకుంటే చాలు, ఎలా మాట్లాడుకోవాలో మీరే నిర్ణయించుకోండి అంటుంది. నా సలహా మనుషుల వరసని వదిలి బోర్డు వరసని పట్టుకోవడం. జీరా బోర్డు (స్టోరీలు ఏ దశలో ఉన్నాయో కార్డులుగా చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి కుడి నుంచి ఎడమకి నడవండి. పూర్తి కావడానికి దగ్గరగా ఉన్న కార్డు ముందు. "ఇది ఇవాళ డన్‌లోకి వెళ్లాలంటే ఏం కావాలి?" అని అడగండి. అలా చేస్తే ఇంకొకరు సరిచూడటం కోసం రెండు రోజులుగా ఎదురుచూస్తున్న పీఆర్ (కలపడానికి సిద్ధంగా పెట్టిన కోడ్ మార్పు), టెస్టింగ్‌లో ఆగిన స్టోరీ మొదటి అయిదు నిమిషాల్లోనే బయటపడతాయి. అందరి చేతుల్లోనూ పని ఉన్నట్టే కనిపిస్తూ ఏదీ పూర్తికాని పరిస్థితి ఈ నడకలో దాగదు.

మాట ఎలా ఉండాలో చూడండి. మామూలుగా వినపడేది ఇది:

"నిన్న రిఫండ్ ఏపీఐ మీద పనిచేశాను. ఇవాళ కూడా అదే. బ్లాకర్స్ ఏం లేవు."

వినపడాల్సింది ఇది:

"అన్నా, రిఫండ్ ఏపీఐ కోడ్ అయిపోయింది. టెస్ట్ చేయడానికి పేమెంట్ గేట్‌వే టెస్ట్ కీ కావాలి. నిన్న మధ్యాహ్నం ఆ టీమ్‌కి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. ఇవాళ పన్నెండింటిలోపు రాకపోతే నా పని ఆగిపోతుంది."

"సరే, స్టాండప్ అవగానే వాళ్ల లీడ్‌కి నేనే కాల్ చేస్తా. ఈలోపు నువ్వు క్యాన్సిలేషన్ స్టోరీ కోడ్ రివ్యూ చూడు, అది నిన్నటి నుంచి ఆగి ఉంది."

రెండో సంభాషణకి అర నిమిషం కూడా పట్టదు. ఏం కావాలో, ఎవరి నుంచో, ఎప్పటిలోపో అందులో ఉంది. విన్నవాళ్లు వెంటనే చేయి వేయగలిగారు.

మరి ఫ్రెషర్ మొదటి రకంగానే ఎందుకు మాట్లాడతాడు? భయం వల్ల. అడిగితే "ఇది కూడా రాదా" అనుకుంటారని, అప్రైజల్‌లో గుర్తుపెట్టుకుంటారని. కాలేజీలో చేయి ఎత్తని పిల్లవాడు ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచి ఎత్తాలంటే కుదరదు. ఆ భయం పోగొట్టే పని లీడ్‌దే. అందుకు చేయాల్సినవి కొన్నున్నాయి. ముందు లీడ్ తన సొంత అడ్డంకి చెప్పాలి: "ఈ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్ట్ నాకు అర్థం కావట్లేదు, ఎవరైనా పది నిమిషాలు కూర్చుంటారా?" సీనియర్ నోట ఈ మాట నాలుగుసార్లు విన్న జూనియర్‌కి ధైర్యం వస్తుంది. రెండోది, ఎవరైనా అడ్డంకి చెప్పిన రోజే దాని మీద కదలిక కనిపించాలి. చెప్పినా ఏమీ కాదని తెలిస్తే మళ్లీ చెప్పరు. మూడోది, "ఎప్పుడవుతుంది?" అని అందరి ముందూ నిలదీయడం మానండి. "ఆల్మోస్ట్ డన్" అనే జవాబు ఆ ప్రశ్న నుంచే పుడుతుంది. దాని బదులు "ఇంకా ఏం మిగిలింది?" అనండి. మిగిలినవి ఒక్కొక్కటిగా చెబుతున్నప్పుడు ఆ "ఆల్మోస్ట్" వెనక ఎంత పని ఉందో చెప్పేవాళ్లకే తెలిసొస్తుంది.

మేనేజర్ కూర్చున్న స్టాండప్‌లో అందరి చూపూ ఆయన వైపే తిరిగితే అది స్టేటస్ మీటింగ్ అయిపోయినట్టే. ఆయన వినొచ్చు. ప్రశ్నలుంటే తర్వాత అడగమని మర్యాదగా ముందే మాట్లాడుకోండి. ఇద్దరి మధ్య టెక్నికల్ చర్చ మొదలైతే "ఇది స్టాండప్ తర్వాత" అని పక్కన రాసిపెట్టి, చివర్లో ఆ ఇద్దరినే ఉండమనండి. భాష సంగతి కూడా చెప్పాలి. అందరూ తెలుగువాళ్లయితే తెలుగులోనే హాయిగా మాట్లాడుకోండి, ఇబ్బందులు సొంత భాషలో తొందరగా బయటికొస్తాయి. టీమ్‌లో ఒక్క తమిళమ్మాయో, బెంగాలీ అబ్బాయో ఉన్నా అందరికీ వచ్చిన భాషలోకి మారాలి. వాళ్లు వినలేకపోయిన మాట వాళ్ల పనికి సంబంధించిందే కావొచ్చు.

కార్డు కదలని ప్రతి రోజుకీ దాని మీద ఒక చుక్క పెట్టండి. మూడు చుక్కలు పడ్డ కార్డు గురించి, దాని మీద పనిచేస్తున్నవాళ్లు ఏమీ చెప్పకపోయినా, ఆ రోజు తప్పక మాట్లాడాలి. తప్పు ఎవరిదని వెతకక్కర్లేకుండా ఆగిన పనిని పట్టిచ్చే ఉపాయం ఇది.

ఆరో మెట్టు: రివ్యూలో పనిచేసే సాఫ్ట్‌వేర్ చూపించండి

స్లైడ్లు వద్దు. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో యాప్ తెరిచి టికెట్ రద్దు చేసి, డబ్బు వెనక్కి వచ్చినట్టు చూపించండి. చేసినవాళ్లే చూపించాలి, అది ఫ్రెషర్ అయినా సరే. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి తడబడేవాళ్లుంటే ముందురోజు పక్కన కూర్చుని ఒకసారి చెప్పించండి. సగం చేసిన స్టోరీని చూపించకండి. క్లయింట్‌ని "బాగుందా?" అని అడిగితే "గుడ్ జాబ్" అనేసి వెళ్లిపోతారు. "రేపటి నుంచి మీ కౌంటర్ సిబ్బంది దీన్ని వాడాలంటే ఎక్కడ ఇబ్బంది పడతారు?" అని అడగండి. వచ్చిన జవాబులు అక్కడికక్కడే బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) రాయండి.

ఏడో మెట్టు: రెట్రో

పని ఒత్తిడి పెరగ్గానే మొదట రద్దయ్యే మీటింగ్ ఇదే. నిజానికి ఒత్తిడి ఉన్నప్పుడే దీని అవసరం ఎక్కువ, ఎందుకంటే ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోందో వెతికే చోటు టీమ్‌కి ఇంకోటి లేదు.

మొదటి పది నిమిషాలు పోయినసారి అనుకున్న మార్పు జరిగిందా లేదా చూడండి. ఇది తప్పితే మిగతాదంతా వృథా, "ఎన్నిసార్లు చెప్పినా అంతే" అని టీమ్ మౌనంగా ఉండిపోతుంది. తర్వాత ఏడెనిమిది నిమిషాలు ఎవరికి వారు మాట్లాడకుండా రాయాలి. కొత్త టీమ్ అయితే పేర్లు కనిపించని బోర్డు వాడండి. ఒకే రకం చీటీలు ఒకచోట చేర్చి, మనిషికి మూడు ఓట్లు ఇవ్వండి. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కదాన్నే తీసుకోండి.

దాన్ని తవ్వడానికి టయోటాలో పుట్టిన "ఎందుకు" పద్ధతి బాగా పనికొస్తుంది. ఉదాహరణకి: టెస్టర్లకి పనంతా చివరి రెండు రోజుల్లో పడుతోంది. ఎందుకు? స్టోరీలన్నీ ఒకేసారి పూర్తవుతున్నాయి. ఎందుకు? అన్నీ మొదటి రోజే మొదలుపెట్టాం. ఎందుకు? ఒక్కో డెవలపర్ ఒక్కో స్టోరీ తీసుకున్నారు. ఎందుకు? ప్లానింగ్‌లోనే పేర్లు రాసి పంచేశాం. అసలు వేరు ఇక్కడుంది. "టెస్టర్లు తొందరగా చేయాలి" అన్న మాటతో ఆగిపోయి ఉంటే ఏళ్ల తరబడి అదే గొడవ.

ఇప్పుడు మార్పు రాయండి: వచ్చే స్ప్రింట్‌లో ఒకేసారి మూడు స్టోరీలకి మించి తెరవకూడదు, ప్లానింగ్‌లో పేర్లు రాయకూడదు. దాన్ని చూసుకునే మనిషి పేరు పెట్టి, వచ్చే స్ప్రింట్ బోర్డులో కార్డుగా వేయండి. ఒక రెట్రోకి ఒకటి, మహా అయితే రెండు మార్పులు. పది రాసుకున్న టీమ్ ఒక్కటీ చేయదు.

జీతాలు, రేటింగులు ఇక్కడ తేవద్దు. ఫలానా మనిషితోనే ఇబ్బంది ఉంటే విడిగా మాట్లాడాలి, పది మందిలో కాదు. హైక్‌లు నిర్ణయించే మేనేజర్ గదిలో ఉంటే ఎవరూ నోరు విప్పరు కాబట్టి ఆయన్ని రావొద్దని ముందే అడగండి. తేలిన మార్పు ఏమిటో మాత్రం ఆయనకి చెప్పండి, చాలాసార్లు దాన్ని అమలు చేయడానికి ఆయన సాయం కావాలి.

ఎనిమిదో మెట్టు: మూడు స్ప్రింట్ల తర్వాత సరిచూసుకోండి

లీడ్ సెలవు పెట్టిన రోజు స్టాండప్ జరిగిందా? జరగకపోతే అది ఇంకా లీడ్ మీటింగే, టీమ్ మీటింగ్ కాలేదు. నడిపే బాధ్యతని వారానికొకరికి తిప్పండి. గత పది స్టాండప్‌ల తర్వాత ఎన్నిసార్లు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని ఏదైనా తేల్చుకున్నారు? ఒక్కసారీ లేకపోతే బోర్డు నడక మళ్లీ మొదటి నుంచి పట్టుకోండి. చుక్కలు పడ్డ కార్డులు తగ్గుతున్నాయా? టెస్టర్లకి మొదటి స్టోరీ ఏ రోజున చేరుతోంది? నాలుగో రోజు లోపే చేరుతుంటే దారి సరైనదే.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టడం ఇప్పుడే కలిసిన టీమ్‌కి కష్టం. అలాంటప్పుడు స్టాండప్, రెట్రో ఈ రెండింటితోనే ఆరంభించండి. మొదటి రెట్రోలో "స్టోరీ సగంలో ఉండగా రిక్వైర్‌మెంట్ మారుతోంది" అని వస్తే గ్రూమింగ్ పెట్టండి. "చేసింది క్లయింట్‌కి నచ్చలేదు" అని వస్తే రివ్యూని పట్టించుకోండి. ఏ మీటింగ్ ఎప్పుడు కావాలో టీమ్ చీటీలే చెబుతాయి.